ఎడమకు తిరిగిన గుల్ల

ఉక్కు మీద ఆయన తేనెటీగను చెక్కితే, కిటికీలోంచి ఎగిరొచ్చిన పిచ్చుక దాన్ని నిజమనుకుని పొడిచి, ముక్కు వంకర చేసుకుని పోయిందట. ఆ పిచ్చుక ఇప్పటికీ వర్క్‌షాపు రేకుల మీద కూర్చుని ఆయన్ని తిడుతూనే ఉంటుందట. ఈ సంగతి చెప్పింది ఆయనే. అనుమానం ఉన్నవాళ్ళు వెళ్ళి పిచ్చుకను అడగవచ్చు. నోరు తెరిస్తే చాలు, ఆకాశాన్ని చెవి పట్టుకుని కిందికి దించేస్తాడు కాబట్టి అందరూ ఆయన్ని ఆకాశం అనే పిలుస్తారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది గాని, దాన్ని వాడాల్సిన అవసరం ఇన్నేళ్ళలో ఎవరికీ రాలేదు.

ఆకాశం నాణేలకు అచ్చులు చెక్కుతాడు. జేబులో వేసుకుని కూరలకు తీసుకెళ్ళే నాణేలు కావవి. మేలిమి బంగారంతో, మేలిమి వెండితో చేసి, పారదర్శకమైన డబ్బీలో బిగించి, మఖమలు పెట్టెలో పెట్టి అమ్మేవి. కొన్నవాళ్ళు వాటిని ఖర్చుపెట్టరు. బీరువాలో దాచుకుని, చుట్టాలొచ్చినప్పుడు బయటికి తీసి చూపించి, చుట్టాలు చెయ్యి చాపగానే గబుక్కున మూసేస్తారు. ఏటా ఒక వరస. ఒక ఏడు పక్షులు, ఒక ఏడు పాతకాలపు రైలింజన్లు. ఈ ఏడు సముద్రపు గుల్లలు. నాణేలతో పాటు అలల గీతలున్న వెండి కడ్డీలు కూడా చేశారు. ఆ గీతలు ఆకాశం చేతివి కావు కాబట్టి ఆయన దృష్టిలో అవి ఇటుకలు.

చదువు సంగతి అడిగితే, బడి తనను భరించలేక వీధి మారిపోయిందంటాడు. జరిగింది వేరు. పలక మీద అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తుంటే పంతులుగారు చెవి మెలిపెట్టి గుమ్మం దాటించారు. గుమ్మానికి ఎదురుగా రబ్బరు స్టాంపులు చేసే దుకాణం ఉంది. తిరగేసి రాసేవాడి కోసమే అది కాచుకుని కూర్చున్నట్టుంది. అక్కడినుంచి ఇత్తడి బొత్తాల ఫ్యాక్టరీకి, అక్కడినుంచి ఈ నాణేల వర్క్‌షాపుకి వచ్చాడు. ఆయన బతుకంతా తిరగేసిన బతుకే. అచ్చు అంటే పిడికిలంత ఉక్కుముక్క. అందులో లోతుగా తవ్వింది నాణెం మీద ఉబ్బుతుంది. అందులో ఎడమన ఉన్నది నాణెం మీద కుడికి వస్తుంది. కాగితం మీది బొమ్మను మనసులోనే తిప్పుకుని ఉక్కు మీద దించడం ఆయనకు ఊపిరి పీల్చినంత తేలిక. చెక్కాక అచ్చులోకి మెత్తటి మైనం నొక్కి తీసి, ఆ మైనపు బిళ్ళను కాగితం మీది బొమ్మ పక్కన పెట్టుకుంటాడు. రెండూ ఒకలా ఉంటే పని అయినట్టే.

"నా అచ్చు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, వెనక్కి వచ్చిందని చెప్పమను చూద్దాం. ఉలి పారేసి వెళ్ళిపోతా," అనేవాడు. చెప్పేవాళ్ళు లేరు. అది మాత్రం కోత కాదు. నిజమే.

అల్లుడు ఏడాది కిందట అదే వర్క్‌షాపులో బొమ్మలు గీసే పనికి చేరాడు. కంప్యూటరు మీద గీస్తాడు. మామ ఎంత వాగుడుకాయో అల్లుడు అంత ముంగి. అతను పుట్టినప్పుడు కూడా ఏడవలేదేమో, గొంతు సవరించుకుని ఊరుకున్నాడేమో అని మామ వెక్కిరింత. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. గుల్లల నాణెం బయటికి వచ్చాక కాగితం ఇస్తానని యజమానురాలు మాటిచ్చింది. అంతకుముందు పనిచేసిన అచ్చాఫీసు మూతపడి, అల్లుడు చాలా నెలలు ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ గడిపాడు. ఆ రోజులు ఇంట్లో ఎవరికీ మళ్ళీ చూడాలని లేదు.

రేపు కొనేవాళ్ళు వస్తారనగా, మధ్యాహ్నం, పెట్టెలక్క పిలిచింది. నాణేలను పెట్టెల్లో సర్దే ఆవిడను అందరూ పెట్టెలక్క అంటారు. ఈసారి పెట్టెలో ఒక విశేషం ఉంది. నీలం మఖమలులో రెండు గుంటలు. ఎడమ గుంటలో నాణెం, కుడి గుంటలో అసలు సిసలైన గుల్ల ఒకటి. ఏ గుల్లను చూసి బొమ్మ గీశారో ఆ రకానిదే, బొటనవేలంత.

"అన్నయ్యా, ఓసారి ఇలా రా."

"ఏమైందక్కా? నా నాణెం చూసి కళ్ళు చెదిరాయా?"

"చెదరలేదులే, బాగానే ఉన్నాయి. అందుకే పిలిచాను. గుల్ల నోరు చూడు, కుడివైపు తెరుచుకుని ఉంది. నాణెం మీది గుల్ల నోరు చూడు, ఎడమవైపు. పోట్లాడుకున్న తోడికోడళ్ళలా ఎడమొహం పెడమొహంగా కూర్చున్నాయి రెండూ."

"గుల్లను తిరగేసి పెట్టుంటావు."

"అయితే నువ్వే పెట్టు."

ఆకాశం చేతికి పత్తి తొడుగు వేసుకుని గుల్లను తీశాడు. కొన కిందికి పెట్టాడు. పైకి పెట్టాడు. పడుకోబెట్టాడు. కుడికాలి చెప్పును ఎన్ని తిప్పులు తిప్పినా ఎడమకాలిది అవుతుందా? గుల్ల మెలిక కుడికి పోతోంది, నాణెం మెలిక ఎడమకు పోతోంది. ఇంకో పెట్టె తెరిచాడు. ఇంకొకటి. వెండివి అయిపోయాక బంగారువి తెరిచాడు. అన్ని గుల్లలూ ఒక్కమాట మీద నిలబడి ఆయన్ని వెక్కిరిస్తున్నాయి.

తన బల్ల దగ్గరికి వెళ్ళాడు. పరుగెత్తలేదు గాని, నడిచానని చెప్పుకోవడానికీ లేదు. బొమ్మ కాగితం ఇంకా దీపం కింద గుచ్చి ఉంది. పక్కన నాణెం పెట్టాడు. అచ్చుగుద్దినట్టు ఒకటే. కాగితం మీద గుల్ల నోరు కూడా ఎడమకే ఉంది.

అమ్మయ్య అనుకున్నాడు. బొమ్మలోనే ఉంది తప్పు! ఆ అమ్మయ్య ఇంకా పూర్తికాకముందే, చెవిలో ఎక్కడో మూల నక్కిన మాట ఒకటి లేచి నిలబడింది.

ఆ రోజు ఆయన బల్ల చుట్టూ నలుగురు చేరి ఉన్నారు. తను చెక్కిన రైలింజను నాణెం కూత పెట్టిన కథ చెబుతున్నాడు. కథ మంచి వేడి మీద ఉండగా అల్లుడు కాగితం పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. "మామయ్యా, మీకు శ్రమ లేకుండా బొమ్మను నేనే తిప్పి తెచ్చాను. ఉన్నదున్నట్టు ఉక్కు మీదికి దించేయండి," అన్నాడు. ముంగి మనిషి అంత పొడుగు మాట ఎప్పుడూ మాట్లాడి ఉండడు. ఆకాశం అతని వైపు చూడకుండానే "ఆఁ ఆఁ, అక్కడ పెట్టు" అని, మళ్ళీ ఇంజను ఎక్కేశాడు.

మర్నాడు అలవాటు కొద్దీ మనసులో బొమ్మను తిప్పుకుని చెక్కాడు. ఒకసారి తిరిగిన గుల్ల రెండోసారి తిరిగింది. మైనం తీసి కాగితం పక్కన పెట్టుకుంటే రెండూ ఒకలా ఉన్నాయి. ఉండవా మరి! ఆ మైనం ఆ రోజు కాగితానికి ఎదురు తిరిగి ఉంటే పని సరిగ్గా ఉన్నట్టు. ఒకలా ఉండడమే తప్పు. చుట్టూ ఉన్న అక్షరాలు మాత్రం ఎప్పటిలా తన పోగరలతో, కొసన అక్షరాలున్న ఉక్కు మేకులతో, తనే కొట్టాడు కాబట్టి తిన్నగా వచ్చాయి. ఆ తర్వాత అచ్చుకు మెరుగు పెట్టారు, ఉక్కుకు గట్టిదనం ఎక్కించారు, ప్రెస్సులో నాణేలు కొట్టారు. అందరూ గీతలు లేవని చూశారు, మరకలు లేవని చూశారు. గుల్ల ఎటు తిరిగిందని ఎవరు చూస్తారు?

యజమానురాలు వచ్చింది. ఆవిడను అందరూ మేడమ్ అంటారు. కోపం వచ్చినకొద్దీ గొంతు తగ్గే మనిషి. ఆ రోజు ఆవిడ మాట వినడానికి అందరూ ముందుకు వంగాల్సి వచ్చింది.

"ఈ బొమ్మను ఎవరు తిప్పారు?"

"నేనే మేడమ్," అన్నాడు అల్లుడు.

"ఎవరైనా తిప్పమన్నారా?"

"లేదు మేడమ్. పని తేలికవుతుందని నేనే..."

అంతవరకూ చెప్పి ఆగి, మామ వైపు చూశాడు. తిట్టే చూపు కాదు, అడిగే చూపూ కాదు. వాకిలి తీసి పట్టుకుని, ముందు మీరు నడవండి అన్నట్టుగా ఉంది.

"ఆకాశం గారూ, మీకు ఈ సంగతి తెలుసా?"

ఆకాశం నాణేన్ని కాగితం పక్కకు జరిపాడు. "నా అచ్చుకూ ఆ బొమ్మకూ వెంట్రుకవాసి తేడా లేదు మేడమ్. కావాలంటే చూసుకోండి," అన్నాడు.

అబద్ధం ఒక్క ముక్క లేదు అందులో. ఆయన జీవితంలో చెప్పిన అన్ని కోతల కంటే ఆ నిజం చెడ్డది.

"అయితే తప్పు బొమ్మదే," అంది మేడమ్. "రేపు పొద్దున డాక్టరు గారూ వాళ్ళూ వస్తున్నారు. బయలుదేరిపోయారు కూడా, ఆపడానికి లేదు." తర్వాత అల్లుడి వైపు తిరిగింది. "మీ బల్ల మీద సామాను సర్దుకుని ఉంచండి."

గుల్లల నాణేలన్నీ ముందే మాట్లాడుకున్నది ఒక సేకరణల సంఘం. దానికి పెద్ద ఒక పళ్ళ డాక్టరు. ఈ పని చేసే వర్క్‌షాపులు చేతివేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. గుల్లను తిరగేసి గీసినవాడన్న పేరు ఒకసారి పడిందంటే, అల్లుడికి ఇంకో గుమ్మం తెరుచుకోదు.

ఆకాశం అడ్డుపడ్డాడు. "మేడమ్, ఒక్క మాట. రేపు వాళ్ళతో నేను మాట్లాడతా. మాటతో ఒప్పిస్తా. పెట్టెలు అలాగే తీసుకెళ్ళేలా చూసే పూచీ నాది."

మేడమ్ ఒక పెట్టె మూసి పక్కన పెట్టింది. "వాళ్ళు తీసుకెళ్తే ఈయన కుర్చీ ఇక్కడే ఉంటుంది. లేకపోతే ఉండదు."

మామా అల్లుళ్ళు ఒకే స్కూటరు మీద ఇంటికి వెళ్తారు. అల్లుడు నడుపుతాడు, మామ వెనక కూర్చుని దారి పొడుగునా అతని చెవిలో కథలు పోస్తాడు. ఆ రోజు ఇద్దరి మధ్యా అట్టపెట్టె ఒకటి ఉంది. అందులో అల్లుడి టీ కప్పు, గొడుగు, ఆకాశం కూతురు ఇచ్చిన చిన్న గడియారం. మాటలన్నీ స్కూటరే మాట్లాడుకుంది. ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు అల్లుడు వెనక్కి తిరగకుండా అడిగాడు.

"మామయ్యా, ఆ రోజు నేను చెప్పింది మీకు వినబడలేదా?"

ఎంత మంచి ప్రశ్న! వినబడలేదంటే అయిపోయేది. సగం తప్పు గాలికి పోయేది.

"ఏ రోజు?" అన్నాడు ఆకాశం.

పచ్చదీపం వెలిగింది. స్కూటరు కదిలింది. 

ఇంట్లో అమ్మాయి అట్టపెట్టెను చూసింది, మొగుడిని చూసింది, అతను మెట్లెక్కి పైగదిలోకి వెళ్ళాక తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏమైంది నాన్నా?"

"ఏమీ కాలేదే. బొమ్మలో చిన్న తేడా వచ్చింది. రేపు చూడు, మీ నాన్న నోరు తెరిస్తే ఆ డాక్టరు తన పళ్ళు తనే పీకి ఇచ్చి పోతాడు."

"నీ నోటి సంగతి నేను అడగలేదు. ఆయన ఏ పనీ నీకు చెప్పకుండా చెయ్యడు. ఈసారి చెప్పాడా, లేదా?"

"ఏం చెప్పడం?"

"చూశావా, నువ్వు మామూలుగా ఒక ప్రశ్నకు పది జవాబులు చెబుతావు. ఇవాళ ప్రశ్నకు ప్రశ్న వేస్తున్నావు."

ఆకాశం కంచం ముందు కూర్చున్నాడు. అన్నం కలిపాడు, కలుపుతూనే ఉన్నాడు. అమ్మాయి కంచం తీసేసే వరకూ కలిపాడు.

పొద్దున్నే గడ్డం గీసుకుంటుంటే దారి దొరికింది. అద్దంలోని ఆకాశం ఎడమచేత్తో గీసుకుంటున్నాడు. ఇవతలి ఆకాశం కుడిచేత్తో. కత్తి గాలిలో ఆగిపోయింది. నురగ మొహంతోనే పళ్ళికిలించాడు. దొరికింది! ఎవరి ఉద్యోగమూ పోదు, ఎవరి పేరూ పోదు, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోనక్కర్లేదు. గడ్డం సగం గీసి సగం మరిచి వర్క్‌షాపుకి బయలుదేరాడు.

పొడుగాటి బల్ల మీద నల్లగుడ్డ పరిచి పెట్టెలు వరసగా పెట్టారు. పైన దీపాలు. డాక్టరు సన్నగా, నిటారుగా ఉన్నాడు. మెడలో తాడుకు భూతద్దం వేలాడుతోంది. వెనక సంఘంవాళ్ళు, కొందరు ఆడవాళ్ళు, కొందరు మగవాళ్ళు, అందరూ ఒకరి భుజాల మీదినుంచి ఒకరు తొంగిచూస్తున్నారు. అల్లుడు గుమ్మం పక్కన నిలబడ్డాడు. అట్టపెట్టె అతని కాళ్ళ దగ్గరుంది. పొద్దున స్కూటరు మీద మళ్ళీ ఎందుకు తెచ్చాడో ఆకాశం అడగలేదు. మిగిలిన సామానుకు చోటు కావాలని తెలుసు.

డాక్టరు మొదటి పెట్టె తెరిచాడు. నాణెం చూశాడు. గుల్ల చూశాడు. మళ్ళీ నాణెం చూశాడు.

"దీని నోరు ఎడమకు ఉందేంటి?"

మేడమ్ గొంతు సవరించుకోకముందే ఆకాశం రంగంలోకి దిగాడు.

"మీ కన్ను చల్లగుండ డాక్టరు గారూ! ఆ ప్రశ్న అడిగేవాడు ఒక్కడైనా వస్తాడా అని ఇన్నాళ్ళూ ఎదురుచూశాను. నాణేన్ని కొంచెం వంచి పట్టుకోండి. మీ మొహం కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"అద్దమా, నాణెమా?"

"అద్దంలాగే ఉంది."

"మరి అద్దం ముందు గుల్లను పెడితే అందులో గుల్ల ఎటు తిరిగి కనబడుతుంది? ఎడమకు! పెట్టెలో కుడివైపున్నది గుల్ల. ఎడమవైపున్నది దాని ప్రతిబింబం. ఇది జంట. లోకంలో గుల్లలు చెక్కినవాళ్ళు బోలెడంతమంది, గుల్ల నీడను చెక్కినవాడు మీ ముందున్నాడు."

వెనకనుంచి ఒకావిడ "అబ్బ!" అంది. ఇంకొకాయన పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. మేడమ్ భుజాలు అర అంగుళం కిందికి దిగాయి. అది చూసి ఆకాశానికి రెక్కలొచ్చాయి.

"దీనికోసం సముద్రం ఒడ్డున నిలువుటద్దం పాతిపెట్టి కూర్చున్నానండీ. ఎండకు నా నీడ కూడా కమిలిపోయింది. ఒక ఎండ్రకాయ వచ్చి, అద్దంలో తనను చూసుకుని, పెళ్ళిచూపులనుకుని, సిగ్గుతో అడ్డంగా నడవడం మాని తిన్నగా నడిచి వెళ్ళిపోయింది..."

గది గొల్లుమంది. డాక్టరు కూడా నవ్వాడు. చెయ్యి పెట్టె మూత మీదికి పోయింది. ఇంకొక్క క్షణంలో మూసి చంకలో పెట్టుకునేవాడే. నవ్వుతూనే ఆగాడు.

"బాగుందయ్యా. మరి అక్షరాలు?"

"అక్షరాలా?"

"చుట్టూ ఉన్నవి. గుల్ల అద్దంలో ఉంటే అక్షరాలు కూడా అద్దంలోనే ఉండాలిగా? తిరగబడాలిగా? ఇవి నాకు తిన్నగా చదవడానికి వస్తున్నాయే."

నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. అందరూ నాణేల మీదికి వంగారు. తిన్నగానే ఉన్నాయి అక్షరాలు, వరసలో నిలబడిన పెళ్ళివారిలా నిక్షేపంగా ఉన్నాయి.

ఆకాశం దగ్గర జవాబులు లేకపోలేదు. అద్దంలో చూసుకునే అక్షరాల కథ ఒకటి అప్పటికే నాలుక కొసన కూర్చుంది, చెప్పమని గిల్లుతోంది. నోరు తెరిచాడు. అప్పుడే గుమ్మం దగ్గర అల్లుడు వంగి, అట్టపెట్టెను రెండు చేతులతో ఎత్తుకున్నాడు. చప్పుడు కాకుండా, ఎవరి దృష్టీ తన మీద పడకుండా.

"ఆగు అల్లుడూ," అన్నాడు ఆకాశం.

ఆయన నోట ఆ గొంతు అక్కడెవరూ అంతకుముందు వినలేదు. ఆయన కూడా వినలేదు.

"డాక్టరు గారూ, ఇప్పటిదాకా చెప్పింది కోత. అద్దం లేదు, ఎండ్రకాయా లేదు. తిరగబడిన గుల్ల నా తప్పు. మా అల్లుడు బొమ్మను తిప్పి తెచ్చి, తిప్పానని నా మొహం మీదే చెప్పాడు. నేను గొప్పలు చెప్పుకునే సందడిలో ఉండి పట్టించుకోలేదు. మళ్ళీ తిప్పాను. నిన్న మేడమ్ అడిగినప్పుడు నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను."

ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టరు కూడా, ఇంకో కథ మొదలైందనుకుని, నవ్వుకు సిద్ధంగా కనుబొమలు ఎత్తాడు. మేడమ్ దగ్గరికి వచ్చింది. గొంతు ఇంకా తగ్గింది.

"ఆకాశం గారూ, అల్లుణ్ణి కాపాడుకోవడానికి కొత్తగా అల్లుతున్నారా?"

ఇదీ వరస. ఇన్నేళ్ళు నోటికొచ్చిందల్లా చెప్పి నమ్మించినవాడు, ఒక్కసారి జరిగింది చెబితే నమ్మేవాడు లేడు. చెమట సగం గీసిన గడ్డంలోకి దిగి చురచురమంటోంది.

"ఒట్టు మేడమ్."

"మీ ఒట్లు నాకు తెలియనివా? పిచ్చుక మీద కూడా ఒట్టేశారు."

"అల్లుడూ, నువ్వు చెప్పు. నాతో అన్నావా, లేదా?"

అల్లుడు పెట్టె దించలేదు. "అన్నాను," అన్నాడు. అంతే.

"ఇంటల్లుడు అవునంటే అది సాక్ష్యమా?" అంది మేడమ్.

"నేనున్నానుగా మేడమ్." పెట్టెలక్క గోడ దగ్గరనుంచి ముందుకు వచ్చింది. చేతులకు ఇంకా పత్తి తొడుగులున్నాయి. "ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. అన్నయ్య రైలింజను కథ చెబుతున్నాడు. నాణెం మీది ఇంజను కూత పెడితే స్టేషన్‌మాస్టరు నిద్రలోంచి లేచి జెండా ఊపాడనే చోటికి వచ్చాడు. అప్పుడే అల్లుడుగారు కాగితం తెచ్చారు. బొమ్మను తిప్పి తెచ్చాను, ఉన్నదున్నట్టు దించండి అన్నారు. ఈ చెవులతో విన్నాను."

"మరి నిన్న నోరు విప్పలేదేం?"

పెట్టెలక్క ఆకాశం వైపు చూసింది. "అన్నయ్యే చెబుతాడని చూశాను."

ఆ మాట ముందు మేడమ్ కోపం ఎంత! ఆకాశం తల వంచుకుని నల్లగుడ్డ అంచును సరిచేశాడు. అది బాగానే ఉంది. అయినా సరిచేశాడు.

డాక్టరు పెట్టె మూసి బల్ల మీద పెట్టాడు. మెల్లగా తన వైపునుంచి మేడమ్ వైపుకు జరిపాడు. "మేం ఆగుతాం. సరైన గుల్ల చెక్కి పిలవండి. కానీ వీటిలో ఒక్కటి కూడా బయటికి పోకూడదు. ఈ అచ్చు ఉండకూడదు. అది చచ్చేదాకా నేను ఇక్కడినుంచి కదలను."

"అలాగే," అంది మేడమ్. అల్లుడి దగ్గరికి వెళ్ళి అతని చేతుల్లోంచి అట్టపెట్టె తనే తీసుకుంది. తీసుకెళ్ళి అతని బల్ల మీద పెట్టి, టీ కప్పు తీసి ఉన్నచోట ఉంచింది. తర్వాత ఆకాశంతో, "ఇకమీదట మీ అచ్చు ఏదైనా ఈయన చూసి సరే అన్నాకే కొలిమికి పోతుంది. మీకు కష్టంగా ఉంటే చెప్పండి," అంది.

"కష్టంగానే ఉంటుంది మేడమ్," అన్నాడు ఆకాశం. "అయినా చూపిస్తా."

నాణేలన్నీ కరిగించే గదికి పోయాయి. మూసలో గుల్లలు కాసేపు గుల్లల్లాగే ఉన్నాయి. అంచులు వాలాయి, మెలికలు విప్పుకున్నాయి, ఆ తర్వాత ఎటు తిరిగినవో అడగడానికి ఏమీ మిగల్లేదు.

చెడిన అచ్చు మీద, దాన్ని చెక్కినవాడే అడ్డంగా గాటు పెట్టాలి. ఆ వర్క్‌షాపులో అది రివాజు. ఆకాశం ఎప్పుడూ ఆ పని చెయ్యలేదు, వేరేవాళ్ళు చేస్తుంటే పక్కన నిలబడి జోకులు వేశాడు. గట్టిపడ్డ ఉక్కు ఉలికి లొంగదు కాబట్టి అచ్చును ముందు ఎర్రగా కాల్చి, బూడిదలో కప్పి, మెత్తబడే దాకా వదిలేశారు. డాక్టరు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం గడిచింది. 

బూడిదలోంచి తీసిన అచ్చును ఇసుక నింపిన తోలుదిండు మీద పెట్టారు. మెరుగంతా కాలి నల్లబడింది గాని గుల్ల ఇంకా కనిపిస్తూనే ఉంది. ప్రతి మెలికా ఎక్కడ మొదలుపెట్టాడో, ఎక్కడ ఊపిరి బిగబట్టాడో ఆకాశానికి తెలుసు. ఉలి ఆనించి సుత్తి వేశాడు. అచ్చు దొర్లింది. ఉలి జారి తోలు చీరింది. ఇసుక బల్ల మీద పోసుకుంది.

అల్లుడు వచ్చి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. రెండు చేతులతో అచ్చును రెండు పక్కలా గట్టిగా పట్టుకున్నాడు. వేళ్ళు గుల్ల అంచుల దాకా వచ్చాయి.

"వేళ్ళు తియ్యి అల్లుడూ."

"తీస్తే మళ్ళీ దొర్లుతుంది మామయ్యా."

"నా చెయ్యి ఇవాళ వణుకుతోంది."

"కనిపిస్తూనే ఉంది. కొట్టండి."

ఆకాశం ఉలిని ఆ వేళ్ళ మధ్య, గుల్ల నడిబొడ్డున ఆనించాడు. అల్లుడు రెప్ప వాల్చలేదు. సుత్తి లేచింది.